మేక్బెత్ చేతికందని బాకు, బొబ్బిలి డేరాలో దిగిన బాకు

గంటస్తంభం:
అందరికీ నమస్కారం. మాది విజయనగరం. ఆదివారం సాయంత్రాలు నలుగురు స్నేహితులం ఒకచోట కూర్చుని ఏదో ఒక నాటకం పైకి చదువుకుంటాం, ఒకరు ఇంగ్లీషు చదివితే పక్కనున్నవాళ్ళు అక్కడికక్కడే తెలుగు చెప్పాలి, అదొక్కటే రూలు. ఇప్పుడు షేక్‌స్పియర్ మేక్బెత్ నడుస్తోంది. మొన్న రెండో అంకం మొదట్లోనే ఆగిపోయాం. అర్ధరాత్రి దాటింది, చంద్రుడు కుంకిపోయాడు, రాజు డంకన్ అతిథిగా వచ్చి మేక్బెత్ ఇంట్లోనే పడుకున్నాడు, మేక్బెత్ ఒక్కడే నిలబడి ఉంటే గాల్లో డ్యాగర్ కనపడుతుంది కదా, ఆ డ్యాగర్‌కి తెలుగేంటి అని మొదలైన వాదన గంటన్నర సాగింది. ఒకడు బాకు అన్నాడు, ఒకడు కటారి అన్నాడు, ఇంకో ఆవిడ చురకత్తి అంది. నాకు మాత్రం పిడిబాకు అనాలనిపించింది, ఎందుకంటే ఆ సీన్లో ప్రాణం పిడిలోనే ఉంది. అది మొన చూపించి బెదిరించట్లేదు, పిడి అతని చేతి వైపు తిప్పి పట్టుకోమన్నట్టు నిలబడింది, పట్టుకోబోతే అందదు, కళ్ళకేమో కనపడుతూనే ఉంటుంది.

ఇంటికొచ్చాక కూడా నాకు అదే ఆలోచన. కత్తి, గద, బాణం ఇన్ని ఉండగా పెద్ద పెద్ద కథల్లో మనసులోంచి పోని చావులు చాలావరకు ఈ జానెడు ఇనుముతోనే ఎందుకు జరుగుతాయి? మన జిల్లా కథే చూడండి, బొబ్బిలి యుద్ధంలో ఫిరంగులున్నాయి తుపాకులున్నాయి, ఊళ్ళో ఎవర్నడిగినా చివరికి చెప్పేది మాత్రం డేరాలో బాకు సంగతే. తెలిసినవాళ్ళు రాయండి, ఎంత పొడుగు రాసినా కూర్చుని చదువుతాను.

నాగావళి_ఒడ్డు:
శ్రీకాకుళం నుంచి. ఈ నాటకం పిల్లలకి చాలా ఏళ్ళు చెప్పాను, ఈ రంగం దగ్గర ప్రతిసారీ గొంతు మారిపోతుంది నాకు. పిడి సంగతి మీరు భలే పట్టుకున్నారు. దానికి ఇంకొంచెం కలుపుతాను. గాల్లో కనపడిన బాకుతో అతను చంపలేదు, చంపింది డంకన్ గది కాపలావాళ్ళ బాకులతో. వాళ్ళకి పూటుగా తాగించి, వాళ్ళ బాకులే తీసుకుని పని చేసి, అవి వాళ్ళ పక్కనే పెట్టేసి నేరం వాళ్ళ నెత్తిన వెయ్యాలనేది ప్లాను. మేక్బెత్ ఏం చేశాడు? చంపాక ఆ బాకులు చేత్తో పట్టుకునే బయటికొచ్చేశాడు. పెళ్ళాం చూసి అడిగేదాకా తన చేతిలో ఉన్నాయని కూడా సరిగ్గా ఎరగడు. లేని బాకు చేతికి రాలేదు, ఉన్న బాకులు చేతిని వదల్లేదు. రెండు రంగాలూ పక్కపక్కనే పెట్టి చదవండి.

ఇంకోటి, లేడీ మేక్బెత్ అంతకు ముందే, మొదటి అంకంలో, చీకటిని రమ్మని పిలుస్తూ నా కత్తికి అది చేసే గాయం కనపడకూడదు అంటుంది. అంత గట్టి మనిషి కూడా గదిలోకి వెళ్ళి ఏమంది, పడుకున్నప్పుడు ఆ ముసలాయన మా నాన్నలా ఉన్నాడు, లేకపోతే నేనే చేసేసేదాన్ని అంది. బాణం వేసేవాడికి ఈ బాధ లేదండీ, అంత దూరం నుంచి ఎవరూ ఎవరికీ నాన్నలా కనపడరు. బాకు పట్టుకున్నవాళ్ళు మాత్రం ఆ మొహం దగ్గరగా చూడాల్సిందే, ఊపిరి వినాల్సిందే.

కొలిమి:
అందరికీ దండాలు. మాది చీపురుపల్లి దగ్గిర, మా తాత మా నాన కొలిమి పనే సేసీవోరు, నేను చిన్నప్పుడు తిత్తి ఊదినోణ్ణే. నాకు నాటకాలు అంతగా తెలీవు గాని ఇనుము సంగతి సెప్తాను. కత్తీ బాకూ ఒకటి కాదు. కత్తి నరకడానికి, దానికి ఒక పక్కే పదును, రెండో పక్క దళసరిగా ఉంటాది, బరువు మీద దిగుతాది. బాకు పొడవడానికి. రెండు పక్కలా వాదర ఉంటాది, నడిమిన ఎన్నులాగ గట్టు ఉంటాది, అది లేకపోతే పోటు తగిలినప్పుడు వంగిపోతాది. మొన సన్నం అవ్వాల గాని మరీ పలచన అయితే విరిగిపోతాది, అక్కడే పనోడి సెయ్యి తెలుస్తాది. మా తాత లారీ కమాను బద్దతో కొడవళ్ళు, కత్తులు సేసీవోడు, రెండు పక్కలా పదునున్నది సెయ్యమని ఎవరైనా వస్తే మాత్రం ఎందుకని అడిగీవోడు, ఆడు సరిగ్గా సెప్పకపోతే పంపించీసీవోడు. నరికీ కత్తికి ఇంట్లో నూరు పనులుంటాయిరా, పొడిసీదానికి ఒక్కటే పని అనీవోడు.

కటారి అంటే వేరండి. దానికి నిలువు పిడి ఉండదు. రెండు పక్కల రెండు బద్దలు ఉంటాయి, మధ్యలో అడ్డంగా పట్టు ఉంటాది, పిడికిలి బిగించి గుద్దినట్టే పొడవాల. అందుకని గంటస్తంభం గారు సెప్పిన సీనుకి కటారి కుదరదు, దాని పట్టు లోపల్నించి పట్టుకోవాల గాని సేతి వైపు తిరిగి ఉండడం అనేది ఉండదు. బాకు అనండి, లేదా మీరన్నట్టు పిడిబాకు.

గంటస్తంభం:
అన్నా, మా నలుగురికీ గంటన్నరలో తెగని ముడి మీరు రెండు ముక్కల్లో విప్పేశారు. తాతగారి మాట డైరీలో రాసుకున్నాను.

బొబ్బిలి_మేస్టారు:
తెలుగు మాస్టారిగా రిటైరయ్యాను, బొబ్బిలిలోనే ఉంటాను. మాటల గురించి అడిగారు కాబట్టి నేనూ వచ్చాను. చురకత్తిలో చుర ఉన్నది చూశారా, అది సంస్కృతం ఛురిక. అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశంలో "స్యాచ్ఛస్త్రీ చాసిపుత్రీ చ ఛురికా చాసిధేనుకా" అని నాలుగు పేర్లు చెప్పాడు. అసిపుత్రి అంటే కత్తి కూతురు. ఎంత ముద్దుగా ఉందో చూడండి, చంపే వస్తువుకి ఆడపిల్ల పేరు. చిన్నది కాబట్టి కూతురన్నాడు, కానీ నాకు ఇంకో సంగతి కూడా తోస్తుంది, ఖడ్గం రాజుగారి నడుముకి నలుగురికీ కనపడేలా వేలాడుతుంది, ఈ కూతురు మాత్రం బట్టల చాటున ఉంటుంది.

ఈ అసిపుత్రి అనే మాట నాటకంలో ఎక్కడ వస్తుందో చెప్తాను, విశాఖదత్తుడి ముద్రారాక్షసం రెండో అంకం. నందుల మంత్రి రాక్షసుడు చంద్రగుప్తుణ్ణి చంపడానికి ఏర్పాట్లు చేస్తాడు. దారువర్మ అనే శిల్పి ఊరేగింపు వెళ్ళే తోరణాన్ని యంత్రంతో పడేలా కట్టాడు. బర్బరకుడు అనే మావటి బంగారు కర్రలో అసిపుత్రి దాచుకుని ఏనుగెక్కాడు. అది ఊత కర్రలా కనపడుతుంది, లోపల బాకు. ఆ రాత్రి ఏనుగు మీద ఉన్నది చంద్రగుప్తుడు కాదు, వైరోచకుడు, చాణక్యుడు ముందే పసిగట్టి మనిషిని మార్చేశాడు, ఆ సంగతి వీళ్ళకి తెలీదు. బర్బరకుడు బాకు తియ్యడానికి కర్ర మీద చెయ్యి వేసేసరికి ఏనుగు తనని కొట్టబోతున్నాడనుకుని నడక మార్చేసింది, నడక మారేసరికి లెక్క తప్పి తోరణం వచ్చి మావటి మీదే పడింది. బాకు ఒరలోంచి బయటికే రాలేదు, మనిషి పోయాడు. దారువర్మ ఇక తన పని ఎలాగూ అయిపోయిందని తెలిసి ఇనప మేకుతోనే పైనున్న వైరోచకుణ్ణి చంపేస్తాడు, జనం అతన్ని రాళ్ళతో కొట్టి చంపుతారు. మేక్బెత్‌లో చేతికందని బాకు భ్రమ, ఇక్కడ చేతికందబోయిన బాకు నిజం, అయినా పని జరిగింది మేకుతో. ఈ అంకం పిల్లలకి చెప్పినప్పుడల్లా క్లాసులో చీమ చిటుక్కుమనేది కాదు.

మన ఊరి వాడు కాబట్టి ఇంకో మాట, అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు గారు నవరసతరంగిణిలో షేక్‌స్పియర్ నుంచి, కాళిదాసు నుంచి ఘట్టాలు తీసి రసాలవారీగా తెలుగు చేశారు. మీ ఆదివారం గుంపు ఆ పుస్తకం కూడా దగ్గర పెట్టుకోండి బాబూ, తెలుగు మాట ఎంతవరకు సాగుతుందో తెలుస్తుంది.

రాజాం_బావ:
బొబ్బిలి మాట వచ్చింది కాబట్టి మా రాజాం మాట రాకుండా ఎలగ ఉంటాది. 2022లో మమ్మల్ని విజయనగరం జిల్లాలో కలిపీసారు గాని మేం ఎక్కడున్నా బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి మనుషులమే. 1757 జనవరి 24, బుస్సీ దొర ఫ్రెంచి సైన్యం, విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు సైన్యం కలిసి బొబ్బిలి కోట చుట్టుముట్టీసారు, పాపారాయుడు ఆరోజు రాజాంలో ఉన్నాడు, కబురు అందీసరికి ఆలస్యం అయిపోనాది. బొబ్బిలి వచ్చీసరికి కోట కాలిపోయి ఉంది, రాజు రంగారావు లేడు, రాణి మల్లమ్మ లేదు, లోపల ఆడోళ్ళు పిల్లలు ఎవరూ లేరు, శత్రువు చేతికి దొరక్కూడదని కోటలోనోళ్ళే ముందే ప్రాణాలు తీసీసారు. అప్పుడు ఆయన రాత్రిపూట డేరా వెనకనించి పాక్కుంటూ వెళ్ళి విజయరామరాజు గుండెల్లో బాకు దించీసాడు. మా అమ్మమ్మ ఊళ్ళో జముకు వాయిస్తూ పాడే జముకుల కథ చెప్పినప్పుడు ఈ చోటుకి వచ్చీసరికి కథకుడు జముకు ఆపీసి మెల్లగా చెప్పీవోడు, అంతసేపు గట్టిగా పాడినోడు ఊపిరి బిగపట్టినట్టు చెప్పీవోడు, మేం పిల్లలం ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళం గట్టిగా పట్టుకునీవోళ్ళం. ఇప్పటికీ ఎక్కడైనా డేరా గుడ్డ గాలికి కదిలితే నాకు అదే గుర్తొస్తాది.

నాగావళి_ఒడ్డు:
రాజాం తమ్ముడూ, కథకుడు జముకు ఆపేవాడన్నది చదివి ఒళ్ళు జలదరించింది. నేను చెప్పేది మీ కథని తగ్గించడానికి కాదు, అలా అనుకోకండి. అదే శతాబ్దంలో రాబర్ట్ ఆర్మ్ అనే ఆయన ఇంగ్లీషులో ఈ యుద్ధం చరిత్ర రాశాడు. ఆయన రాతలో పాపారాయుడి పేరు లేదు. రంగారావు సైనికులు నలుగురు, రాజు పడిపోవడం కళ్ళారా చూసి, దాక్కుని, బాగా పొద్దుపోయాక బురుజు దిగి వెళ్ళిపోయారట. శత్రువుల గుంపు మధ్యలోంచే నడిచి వెళ్ళారు, ఎవరూ ఆపలేదు, ఎందుకంటే అవతలివాళ్ళదీ వీళ్ళదీ ఒకటే భాష. తర్వాత రెండు రోజులు పొదల్లో ఉండి, సందడి తగ్గాక ఇద్దరు బయల్దేరారు, దారిలో అడిగినవాళ్ళకి మళ్ళీ ఆ భాషతోనే జవాబు చెప్పి తప్పించుకుని డేరా వెనకాల నేల మీద పాకి లోపలికి వెళ్ళారు. విజయరామరాజు ఒక్కడే నిద్రపోతున్నాడు, బాగా భారీ మనిషి, ఎవరైనా చెయ్యి అందించకపోతే లేవడం కష్టం. ఇద్దరూ ఒకేసారి పొడిచారు. మూలుగు విని కాపలావాడు తుపాకీ పేల్చాడు, తగల్లేదు, ఇంకా జనం వచ్చి పడ్డారు, వీళ్ళిద్దరూ పారిపోయే ప్రయత్నమే చెయ్యలేదు, శవాన్ని చూపించి "ఇదిగో చూడండి, మాకు తృప్తయింది" అన్నారట. అక్కడికక్కడే వాళ్ళని కాల్చేశారు. రాజు ఒంటి మీద 32 పోట్లు. వీళ్ళు విఫలమైతే అడవిలో మిగిలిన ఇద్దరూ ఆ పని చెయ్యాలని నలుగురూ ఒట్టేసుకున్నారు.

ఇందులో నన్ను వదలనిది పోట్లు కాదు, భాష. ఫ్రెంచి సిపాయి ఆ డేరా దగ్గరికి రాగలడా? రాలేడు, నోరు తెరిస్తే దొరికిపోతాడు. "ఎవురది" అని కాపలావాడు అడిగితే మన యాసలోనే "నానే" అని చెప్పగలిగినవాడే అంత దగ్గరికి వెళ్ళగలడు. గంటస్తంభం గారూ, బాకే ఎందుకు అని అడిగారు కదా, నాకు తోచింది ఇది, బాకు చేరే దూరం దాకా పరాయివాడు రాలేడు. మేక్బెత్ ఇంటివాడు, పైగా చుట్టం. సీజర్‌ని పొడిచినవాళ్ళు రోజూ కలిసేవాళ్ళు.

రాజాం_బావ:
అక్కా, మొదట చదివినప్పుడు కోపం వచ్చిందని నిజం చెప్తున్నా. మావోడి పేరే లేకుండా రాసీసాడేటి అని. సముద్రం అవతలోడు విన్నది రాసుకున్నాడు, మా పల్లెలో తరం తరం పాడుకున్నది మేం పాడుకున్నాం, నా వరకు డేరాలోకి వెళ్ళింది పాపారాయుడే. కాని ఆ "ఇదిగో చూడండి" అన్న మాట ఉందే, అది మా కథలో పాపారాయుడి నోట్లో పెట్టినా సరిగ్గా అతుకుతాది. రాత్రి మా నాన్నకి చదివి వినిపించాను, ఆయన చాలాసేపు మాటాడలేదు.

పెద్దచెరువు_గట్టు:
మాది విజయనగరం, పెద్దచెరువు దగ్గరే పుట్టి పెరిగాను. డేరాలో ఎవరు పొడిచారు అన్నది రెండు వందల యాభై ఏళ్ళ పైనించీ అందరూ మాట్లాడతారు, ఆ పోటు ఎవరికి తగిలింది అన్నది మా ఇళ్ళల్లో చెప్పుకుంటాం. మా ఊరి అమ్మవారు పైడితల్లమ్మ విజయరామరాజు చెల్లెలు అని మా పెద్దలు చెప్తారు. అన్నకి ఆపద రాబోతోందని ఆమెకి ముందే తెలిసిందట, అప్పటికి ఒంటి మీద అమ్మవారు పోసి ఉంది, ఆ స్థితిలోనే పతివాడ అప్పలనాయుణ్ణి వెంటబెట్టుకుని అన్నని హెచ్చరించడానికి బయల్దేరింది. దారిలోనే కబురు తెలిసింది అన్న పోయాడని. అక్కడే పడిపోయి, నేను అమ్మలో కలిసిపోతున్నాను, నా విగ్రహం పెద్దచెరువులో దొరుకుతుంది, తీసి గుడి కట్టండి అని చెప్పిందట. దసరా వెళ్ళిన మంగళవారం పూజారి కూర్చున్న పొడవాటి మాను, సిరిమాను, తిరుగుతుంటే లక్షల మంది చేతులెత్తి దండం పెడతారు కదండీ, ఆ సంబరం వెనకాల ఒక చెల్లెలి పరుగు ఉందని మా అమ్మ ప్రతి ఏడాదీ చెప్పేది. బొబ్బిలి వాళ్ళ కథలో కబురు ఆలస్యం అయింది, మా కథలోనూ కబురు ఆలస్యం అయింది. అటు పాపారాయుడు అందుకోలేకపోయాడు, ఇటు ఈ తల్లి అందుకోలేకపోయింది.

సోంపేట_సముద్రం:
పైన అమ్మ రాసింది రెండుసార్లు చదివాను. నాకు 32 అనే అంకె దగ్గర ఒక విషయం గుర్తొచ్చింది. క్రీస్తు పూర్వం 44 మార్చి 15న రోమ్‌లో జూలియస్ సీజర్ ఒంటి మీద 23 పోట్లు అని రోమన్ రచయిత సుటోనియస్ రాశాడు, వైద్యుడు చూసి వాటిలో ప్రాణం తీసింది ఒక్కటే, రొమ్ము మీద రెండోది, అన్నాడట. మిగతావి ఎందుకు మరి? గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పేది ఏంటంటే కుట్రలో ఉన్న ప్రతి ఒక్కరూ ఒక పోటు వెయ్యాలని ముందే అనుకున్నారు, అందుకే సీజర్‌కి దగ్గరివాడైన బ్రూటస్ కూడా ఒకటి వేశాడు. అందరి చేతికీ రక్తం అంటితే రేపు ఎవరూ నేను కాదు అనలేరు. బ్రూటస్ తర్వాత నాణెం కొట్టించాడు, ఒక పక్క తన బొమ్మ, రెండో పక్క రెండు బాకులు, వాటి మధ్య బానిసత్వం నుంచి విడుదలైనవాడు పెట్టుకునే టోపీ, కింద ఆ మార్చి తేదీ. హత్యాయుధాన్ని దాచుకోకుండా డబ్బు మీద అచ్చు వేసుకోవడం అంటే అది స్వేచ్ఛ అని ఎంత నమ్మాడో. షేక్‌స్పియర్ జూలియస్ సీజర్ నాటకంలో అతనే జనంతో, దేశానికి నా చావు కావాలన్న రోజున ఇదే బాకు నాకూ ఉంది అంటాడు.

బొబ్బిలి డేరాలో ఇద్దరే. పంచుకోవడానికి ఇంకెవరూ లేరు. ఇద్దరు కలిసి 32 అంటే అది లెక్క ప్రకారం వేసినది కాదు, కోటలో చూసి వచ్చిన శవాలు వాళ్ళ చేతులతో వేయించినవి. దాని తర్వాత జరిగింది కూడా చిన్నది కాదు, విజయనగరంలో కొత్తగా గద్దెనెక్కిన ఆనందగజపతి ఫ్రెంచి వాళ్ళని వదిలి ఇంగ్లీషు కంపెనీని పిలిచాడు, 1758లో చందుర్తి దగ్గర కంపెనీ కర్నల్ ఫోర్డ్ సైన్యంతో కలిసి ఫ్రెంచి వాళ్ళని ఓడించారు, ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా జిల్లాల్లో, వాళ్ళ పని అయిపోయింది.

బొబ్బిలి_మేస్టారు:
ఇప్పుడు ఒక కష్టమైన మాట ఎత్తుతాను, రాజాం బాబు నా మీద కోపం పెట్టుకోకూడదు, నేనూ బొబ్బిలి నీళ్ళు తాగినవాణ్ణే. నిద్రపోతున్న మనిషిని పొడవడం గురించి మన భారతం చాలా లోతుగా ఆలోచించింది. సౌప్తిక పర్వం. దుర్యోధనుడు తొడలు విరిగి పడి ఉన్నాడు, అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ ముగ్గురే మిగిలారు. రాత్రి మర్రిచెట్టు కింద పడుకుంటే గుడ్లగూబ వచ్చి నిద్రపోతున్న కాకుల్ని చంపడం అశ్వత్థామ చూశాడు. అక్కడ పుట్టింది ఆలోచన. కృపుడు మేనమామ కాబట్టి పోనీ తెల్లారనీ, పడుకున్నవాళ్ళని చంపడం తగదు అని నచ్చజెప్పాడు, వినలేదు. శిబిరంలోకి వెళ్ళి ధృష్టద్యుమ్నుణ్ణి పట్టుకున్నాడు, తండ్రి ద్రోణుణ్ణి చంపినవాడు కదా. ధృష్టద్యుమ్నుడు ఏం అడిగాడో తెలుసా, ఆయుధంతో చంపు, ఆలస్యం చెయ్యకు, ఆయుధంతో పోతే మంచి లోకాలకి వెళ్తాను అన్నాడు. గురువుని చంపినవాడికి లోకాలు ఎక్కడివి అని ఆ ఒక్కటీ ఇవ్వకుండా కాళ్ళతో తన్ని తన్ని చంపాడు అశ్వత్థామ. ఇనుము తగలడం కూడా ఒక మర్యాద అన్నమాట అక్కడ, దాన్ని కూడా అతనికి దక్కనివ్వలేదు.

అశ్వత్థామ దుఃఖం అబద్ధం కాదు, తండ్రిని మోసంతో చంపారు. బొబ్బిలి వాళ్ళ దుఃఖమూ అబద్ధం కాదు. కాని అశ్వత్థామకి ఆ రాత్రి తర్వాత వ్యాసుడు చావు ఇవ్వలేదు, పుండ్లతో తిరిగే బతుకు ఇచ్చాడు. బొబ్బిలి కథకుడేమో డేరాలో ఉన్నవాణ్ణి వీరుడిగా నిలబెట్టాడు. మన ప్రాంతం ఆ తేడా ఎందుకు చేసిందా అని నేను చాలా ఏళ్ళు ఆలోచించాను.

రాజాం_బావ:
మేస్టారూ మీ మీద కోపమా, తప్పు. నాకు తెలిసినంత చెప్తాను. అశ్వత్థామ బయటికి నడిచి వచ్చీసాడు, వచ్చి పారిపోనాడు. డేరాలోకి వెళ్ళినోడు బయటికి రావాలనే అనుకోలేదు. కాలిపోయిన కోట దగ్గిరే ఆయన ప్రాణం అయిపోనాది, డేరా దాకా నడిచింది ఒట్టి ఒళ్ళు. మా ఊరోళ్ళు చంపినందుకు ఏడవరు, ఆలస్యంగా వచ్చినందుకు ఏడుస్తారు, కథ వినండి ఒకసారి, ఏడుపు అక్కడే ఉంటాది.

నాగావళి_ఒడ్డు:
తమ్ముడు రాసిందానికి నేను ఏమీ కలపను. ఆడవాళ్ళ చేతిలో బాకు గురించి మాత్రం రాయాలనుంది. రోమన్ చరిత్రకారుడు లివీ లుక్రీషియా కథ చెప్పాడు. టార్క్విన్ అనే రాజకుమారుడు అతిథిగా వచ్చి, రాత్రి ఆమె గదిలోకి కత్తి పట్టుకుని వెళ్ళి బలాత్కారం చేశాడు. ఆమె తండ్రినీ భర్తనీ పిలిపించి జరిగింది చెప్పి, బట్టల్లో దాచుకున్న చురకత్తితో పొడుచుకుని చనిపోయింది. పక్కనున్న లూషియస్ బ్రూటస్ ఆ కత్తి లాగి, రక్తం కారుతుండగా దాని మీద ఒట్టేసి రోమ్‌లో రాజరికమే లేకుండా చేశాడు. సీజర్‌ని పొడిచిన బ్రూటస్ తనని తాను ఈ బ్రూటస్ వంశం వాణ్ణని చెప్పుకునేవాడు. ఇప్పుడు మళ్ళీ మేక్బెత్ దగ్గరికి రండి, గాల్లో బాకు చూసిన అదే ప్రసంగంలో కొన్ని పాదాలు దాటాక మేక్బెత్ తన నడకని టార్క్విన్ నడకతో పోలుస్తాడు. అతిథిని చంపబోయే ఇంటివాడు, ఆతిథ్యం ఇచ్చిన ఇంటిని చెరిచిన అతిథిని తలుచుకుంటున్నాడు. మీ గుంపులో ఆ పాదం వదిలేసి చదివి ఉంటే దయచేసి మళ్ళీ చదవండి.

జూలియట్ కూడా ఉంది. రోమియో బాకు తీసుకుని ఇదే నీ ఒర అని తన గుండె చూపిస్తుంది, అక్కడే తుప్పు పట్టు అంటుంది. పద్నాలుగేళ్ళు కూడా నిండని పిల్ల నోటివెంట తుప్పు అన్న మాట. అక్కడ నేను ఎప్పుడూ ఆగిపోతాను.

బొబ్బిలి_మేస్టారు:
అమ్మా, బాగా రాశారు. ఒంటికి తగలని బాకు గురించి నేనూ రెండు పద్యాలు చెప్పి ఊరుకుంటాను. డంకన్ చనిపోయాక చిన్న కొడుకు డొనాల్‌బెయిన్ ఇక్కడ మనుషుల నవ్వుల్లో బాకులున్నాయి అని అన్నతో చెప్పి పారిపోతాడు. నోట్లో చక్కెర కడుపులో కత్తెర అని మనమూ అంటాం. నన్నయ గారి ఆదిపర్వంలో పౌష్య మహారాజు ఉదంకుడనే బ్రాహ్మణుడితో అంటాడు, "నిండు మనంబు నవ్యనవనీత సమానము, పల్కు దారుణాఖండల శస్త్ర తుల్యము" అని, అది విప్రుల సంగతి, రాజుల దగ్గర ఇది తలకిందులు అంటాడు, అంటే మాట వెన్న, మనసు ఆయుధం. రాచ ఇంటి గురించి రాజే చెప్పుకున్న నిజం ఇది. సంస్కృత మూలంలో ఉన్నది క్షురం, పదునైన చిన్న కత్తి. నన్నయ దాన్ని ఇంద్రుడి వజ్రాయుధం చేశారు. పద్యానికి గొప్ప గాంభీర్యం వచ్చింది, ఒప్పుకుంటాను, కానీ నా మనసుకి మూలంలో ఉన్న చిన్న కత్తే ఎక్కువ గుచ్చుకుంటుంది, నోట్లో దాచుకోగలిగేది అదే కాబట్టి.

హామ్లెట్ తల్లి దగ్గరికి వెళ్ళేముందు బాకుల్లాంటి మాటలు మాట్లాడతాను గాని బాకు వాడను అంటాడు కదా. దానికి తిక్కన గారు ఉద్యోగపర్వంలో విదురుడి నోట జవాబు ముందే చెప్పించారు, "తనువున విఱిగిన యలుఁగుల ననువునఁ బుచ్చంగ వచ్చు నతినిష్ఠురతన్ మనమున నాఁటిన మాటలు విను మెన్నియుపాయముల వెడలునె యధిపా". ఒంట్లో విరిగిన ములుకు తీసెయ్యొచ్చు, మనసులో దిగిన మాట రాదు. ముప్పై ఏళ్ళు క్లాసులో చెప్పాను ఈ పద్యం, ఒక పిల్లవాణ్ణి అందరి ముందు అన్న మాట ఒకటి మాత్రం నాకే ఇంకా దిగి ఉంది.

గంటస్తంభం:
మేస్టారూ, చివరి వాక్యం చదివి ఏం రాయాలో తెలీక ఇవాళ్టిదాకా ఆగాను. నిన్న ఆదివారం మళ్ళీ కూర్చున్నాం. మీరందరూ రాసింది ప్రింటు తీసి తీసుకెళ్ళాను. బాకు అనే మాటే ఖాయం చేశాం, మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం పిడి విడిగా చెప్తున్నాం, "నా ముందు కనపడుతున్నది బాకేనా, పిడి నా చేతి వైపే ఉందే, రా, పట్టుకోనీ" అని. టార్క్విన్ పాదం నిజంగానే వదిలేశాం, మళ్ళీ చదివాం. కొలిమి అన్న తాతగారి మాట మొదలెట్టేముందు పైకి చదివాను.

ఒకచోట మాత్రం ఇంకా కుదరట్లేదు. మేక్బెత్ బాకులు పట్టుకుని వచ్చాక పెళ్ళాం ఇలా ఇవ్వు అంటుంది కదా, మా వాడు దాన్ని "ఆ ఖడ్గాలను నాకు ప్రసాదించు" అన్నంత గ్రాంథికంగా చదువుతున్నాడు, మగగొంతుతో ఆ మాట పడట్లేదు. చదివేవాళ్ళలో ఆడవాళ్ళు ఒక్కరే ఉన్నారు, ఆవిడ కాపలావాడి భాగం చదువుతున్నారు.

పెద్దచెరువు_గట్టు:
నేను చదువుతాను బాబూ, మీకు అభ్యంతరం లేకపోతే. "ఇలగియ్యి ఆ బాకులు" అంటుంది, అంతే, మా వీధిలో ఏ ఆడదైనా భర్త చెయ్యి వణుకుతుంటే చేతిలో ఉన్నది అలాగే లాక్కుంటుంది. ఆదివారం ఐదింటికి వస్తాను, ఎక్కడో చెప్పండి. నా పుస్తకం నేను తెచ్చుకుంటాను, అక్షరాలు పెద్దవి ఉన్నది.